నెలకోసారి వచ్చి పోయే నీటి శాంపిల్ సీసా గారికి

మహారాజశ్రీ సీసా గారికి, కర్నూల్లో హంద్రీ నది గట్టున కాపురముంటున్న ఒకడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. హంద్రీ క్షేమమా కాదా అన్నది మాత్రం మీరే చెప్పాలి. ఆ అధికారం తమకే ఇచ్చారు కదా.

మొన్న కూడా దయచేశారు. టిఫిన్లు అయ్యాక, పొద్దు బాగా ఎక్కాక, పదకొండు ప్రాంతంలో జోహరాపురం వంతెన మీద జీపు ఆగింది. తాడు కట్టిన బకెట్టు కిందికి దిగింది. గుర్రపు డెక్క లేని చోటు వెతికి మరీ దించారు. డెక్కలో పడితే తాడు చిక్కుకుంటుంది, దాని కింద వెలుతురూ గాలీ అందని నీళ్ళు దొరుకుతాయి, అనవసరంగా అందరికీ టెన్షన్. పైకి లాగి, బకెట్టులోంచి తమ నోట్లోకి గుడగుడమని పోశారు. అసలైతే ఒక్క బుడగ కూడా రాకుండా అడుగు నుంచి నింపి, కాసేపు పొర్లనివ్వాలి. తమరు మింగిన ఆ గాలి కూడా నది ఖాతాలోనే జమ అయింది.

తర్వాత పిపెట్టుతో మాంగనీస్ సల్ఫేట్, దాని వెనకే క్షారం కలిపిన అయొడైడ్ వేశారు. మూత బిగించి తలకిందులుగా తిప్పారు. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లమడ్డి. 1888లో హంగేరీ రసాయన శాస్త్రజ్ఞుడు వింక్లర్ కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుకలో ఉంది. తమ కడుపులో గోధుమరంగు దిగింది. జీపు వెళ్ళిపోయింది.

పదకొండు గంటల హంద్రీ వేరు సీసా గారూ, తెల్లారుజాము హంద్రీ వేరు. డ్రైనేజీ మోసుకొచ్చే నత్రజని, భాస్వరం తిని ఇక్కడి నాచు బాగా ఒళ్ళు చేసింది. ఎండ పడితే చాలు, అది ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. 30 డిగ్రీల మంచినీళ్ళు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే ఎక్కువ. నాచు ముదిరిన నీళ్ళలో మిట్టమధ్యాహ్నం అది 10 కూడా దాటుతుంది. అంటే జబ్బు ముదిరేకొద్దీ పగటి మార్కులు పెరుగుతాయన్నమాట. పొద్దుగూకాక ఆ నాచే ఊపిరి కోసం ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడుతుంది, మురుగును తినే బ్యాక్టీరియాకైతే నైట్ డ్యూటీ ఎటూ ఉంది. నాలుగైదు గంటల వేళకు 2 మిగిలితే గొప్ప. షుగర్ పేషెంటుకు కూడా తెలుసు, రక్తం పరగడుపున ఇవ్వాలని. ఇంత చదువుకున్న జీపుకు ఎవరూ చెప్పలేదు.

పోనీ, రెండు వేళలా వచ్చారనే అనుకుందాం. పగలు 10, తెల్లారుజామున 2, సగటు 6. ఆరంటే మాటలా! కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన తరగతుల్లో, ఆక్సిజన్ వరకు చూస్తే, ‘ఏ’ తరగతికి అడిగేది ఆరే. క్రిమిసంహారం చేసి తాగెయ్యడమే తరువాయి. చేపలు బతకడానికి పెట్టిన ‘డీ’ తరగతికి 4 చాలు. ఆ లెక్కన మనకు 2 మిగులు. ఈ మిగులు సంగతి చెప్పే నాథుడు లేక, శీలావతి చేప తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది. కొర్రమీను గడుసుది, రిపోర్టుల జోలికి పోకుండా పైకొచ్చి నేరుగా గాలే పీల్చుకుంటుంది. ఇక చివరిది ‘ఈ’ తరగతి, సాగునీరు. అందులో లవణాలు అడిగారు, బోరాన్ అడిగారు, ఆక్సిజన్ ఊసే ఎత్తలేదు. మా నదికి భవిష్యత్తంటూ ఉంటే అక్కడేనని నా నమ్మకం.

మురుగును తినే బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో తేల్చే తమ తోబుట్టువు బీఓడీ సీసా వైభవం తలుచుకుంటే మాకు కుళ్ళు పుడుతుంది. చీకటి పెట్టెలో మూడు రోజులు, సరిగ్గా 27 డిగ్రీలు. మే నెల కర్నూల్లో 27 డిగ్రీలు! తడి తువ్వాలు కప్పుకుని మిద్దె మీద దొర్లేవాళ్ళం, మాకెక్కడిదా భోగం? బయట హంద్రీ మురుగు మాత్రం ఎండకు ఉడుకుతూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ ఇంకా త్వరగా తినేస్తూ ఉంటుంది.

నిజానికి నా గొడవ తమరితో కంటే, తమ మాటే వేదమనుకుని నదిలో ఆక్సిజన్‌ను లెక్కగట్టే మోడల్ గారితో ఎక్కువ. 1925లో అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు ఒహాయో నదిని చూసి ఒక సమీకరణం రాశారు. మురుగు కలిసిన చోటు నుంచి బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను తింటూ పోతుంది, గాలిలోంచి కొత్తది దిగుతూ ఉంటుంది. ఈ పోటీలో ఆక్సిజన్ గీత ముందు కుంగి, కొంత దూరం పోయాక మళ్ళీ లేస్తుంది. ఆ తర్వాత వచ్చిన మోడళ్ళు నాచునూ, రాత్రినీ పగలునూ, అడుగు బురదనూ లెక్కలోకి తెచ్చాయి. మంచి శాస్త్రమే, కాదనను. కాకపోతే దానికి పారే నీళ్ళు కావాలి. మద్దికెర పొలాల్లో పుట్టిన మా హంద్రీ వానొస్తేనే నది. 2009 అక్టోబరులోనైతే తుంగభద్రతో కలిసి మా ఇళ్ళల్లోకే వచ్చి, మంచాలతో సహా శాంపిళ్ళు తనే పట్టుకుపోయింది. ఎండాకాలం అందులో పారేది మన ఇళ్ళల్లోంచి మనం పంపిందే, పలచన చేసే నీళ్ళు చుక్క ఉండవు. (హంద్రీ-నీవా అని అనంతపురం, చిత్తూరు దాకా పోతున్నాయిగా అంటారేమో. అవి మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి తోడే కృష్ణ నీళ్ళు. మా నది ఇచ్చింది పేరు మాత్రమే.)

గీత మళ్ళీ లేవడానికి మా దగ్గర దూరమూ లేదు. ఊళ్ళోని వంతెనలు దాటితే తుంగభద్ర. అక్కడ కలిశాక కూడా నల్లనీళ్ళు కొంతదూరం ఒక ఒడ్డునే పట్టుకుని పోతాయి. తమరేమో నడిమధ్యలో మునిగి, ఎగువన సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చిన నీళ్ళు తాగి లేస్తారు. మోడల్ గారు ఆ రీడింగును గ్రాఫు మీద చుక్కగా పెట్టి కళ్ళకద్దుకుంటారు. గీత దాని మీదుగా పోకపోతే ఒక గుణకాన్ని కొంచెం అటు జరుపుతారు, ఇంకోదాన్ని ఇటు జరుపుతారు. ఏడాదికి పన్నెండు చుక్కలు, పన్నెండూ ఎండపూటవే. గీత బుద్ధిగా అన్నిటినీ తాకుతుంది. దాంతో మ్యాపు గీస్తే నది ఆకుపచ్చగా వస్తుంది. రంగు వరకు నిజమే, నాచుదీ అదే రంగు.

ఇంత శ్రమ పడే బదులు వంతెన కింద బురదలో ఉండేవాళ్ళను అడగొచ్చు. వాళ్ళు జీపులో వచ్చి పోయేవాళ్ళు కాదు, వారాల తరబడి అక్కడే కాపురం. శుభ్రమైన పారుడు నీళ్ళలో రాయి తిరగేస్తే మేఫ్లై పిల్లపురుగులు అతుక్కుని ఉంటాయి, చాలావాటికి మూడు తోకలు. వరసగా నాలుగు రాత్రులు ఊపిరాడకపోతే అవి మిగలవు. మా దగ్గర ఒక గరిటెడు నల్లబురద తీసి, తెల్ల పళ్ళెంలో వేసి, నీళ్ళు చల్లి చూడండి. సన్నటి ఎర్రపురుగులు మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి. వాటి ఒంట్లో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంది. అరకొర ఆక్సిజన్‌తో బతుకు ఈడ్చేది దాని బలంతోనే. ఏ పురుగు ఉంది, ఏది లేదు అని చూసి నదికి మార్కులు వేసే పద్ధతి కేంద్ర మండలి ఎప్పుడో రాసిపెట్టింది. ఒక వల, ఒక పళ్ళెం, ఒక భూతద్దం, పురుగుల్ని గుర్తుపట్టే మనిషి ఉంటే చాలు. టెండరు పిలవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, మరి ఫైలు ఎలా కదులుతుంది?

కావున నా మనవి. తమరిని రావద్దనడం లేదు. పావుగంటకోసారి రీడింగ్ తీసుకునే ఆక్సిజన్ మీటరును కూడా ఒక వారం నీళ్ళలో వదిలి వెళ్ళమనండి. కుదరదంటే, ఒక్కసారి తెల్లారుజాము నాలుగున్నరకు దయచేయండి. ఆ వేళకు జీపు డ్రైవరు రాకపోతే ఆటో నేను మాట్లాడతాను. వెంట వచ్చేవాళ్ళను మాత్రం ఫుల్ చేతుల చొక్కాలు వేసుకోమనండి. మా హంద్రీ దోమలకు ఆఫీసు వేళలు లేవు.

ఇట్లు,
తమ విధేయుడు,
హంద్రీ గట్టు, కర్నూలు