ఒకే రొట్టె, వేరే గ్లాసు

మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంటుంది. డాక్టర్ గారైనా ఆటో నడిపే తమ్ముడైనా అందరం ఒకే బల్ల దగ్గరకి వెళ్లి ఒకే రొట్టెలో ముక్క తీసుకుంటాం. తెల్లారి సోమవారం మా వంటింటి కిటికీలో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది, అంచు దగ్గర చిన్న సొట్ట, పనికొచ్చే ఆవిడ టీ తాగేది అందులోనే, ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఆవిడా క్రిస్టియనే. వాళ్ల పేటలో చర్చికి వెళ్తుంది, అదే ఆదివారం ఆవిడా రొట్టె తీసుకుంటుంది.

పల్లెటూళ్లలోనే ఈ కులం పట్టింపులు, సిటీలో ఎవరు చూస్తారులే అనుకునేవాడ్ని నేను. రాజమండ్రిలో అద్దింటి కోసం తిరిగితే తెలుస్తుంది, రెంట్ ఎంతో చెప్పకముందే "మీరేవిట్లండి" అని అడుగుతారు, అడిగేవాళ్లలో మన విశ్వాసులూ ఉంటారు.

దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా కావాలని ఎన్నేళ్లుగానో అడుగుతున్నాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే అంది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనవాళ్లకి మాత్రం ఆంధ్రాలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. ఇది అన్యాయమే, నేను గట్టిగా నమ్ముతాను. మతం మారినా కులం పోలేదు అన్నదే కదా మన వాదన, మరి పోనివ్వంది ఎవరు? మన పెళ్లి సంబంధాలు చూసినా చాలు, ఢిల్లీ దాకా వెళ్లి సాక్ష్యం వెతకక్కర్లేదు.

కూలి సంగతీ అంతే. ఏ రోజు కూలి ఆ రోజు పొద్దుగూకే లోపే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అని కారణం కూడా రాసి ఉంది. పోయిన నెల మా పనావిడ జీతం నేను తొమ్మిదో తారీఖు దాకా ఇవ్వలేదు, ఏటీఎంకి వెళ్లడానికి బద్ధకం, అంతకుమించి ఏం లేదు. ఆవిడ ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు, డ్వాక్రా వాయిదా కట్టడానికి వడ్డీకి తెచ్చుకుందని తర్వాత తెలిసింది. క్రిస్మస్‌కి మాత్రం మర్చిపోకుండా చీర పెడతాం. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడని మేం గొప్పగా చెప్పుకుంటాం గానీ రాళ్లు మోసినోళ్ల పేరు ఒక్కటి అడగండి, చెప్పలేం.

రాజమండ్రిలోనే తాడితోట వైపు బట్టల షాపుల్లో చూడండి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడపిల్లలు నిలబడే ఉంటారు, బేరం లేనప్పుడు కూడా గోడకి ఆనుకుంటారే గానీ కూర్చోరు. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. మన సంఘాల్లోనూ షాపులున్న అన్నయ్యలున్నారు, ఒక స్టూల్ వెయ్యడానికి వాళ్లకి ఏ జీవో కావాలి?

నాలుగు రోజుల క్రితం ఆ సొట్ట గ్లాసు తీసేసి ఆవిడకి మా గ్లాసుల్లో ఒకదాంట్లో టీ ఇచ్చాను. తాగలేదు. "వద్దండి, అమ్మగారు చూస్తే బాగోదు" అని మెల్లగా అని, కిటికీలో గ్లాసు కోసం వెతికింది. అమ్మ పక్క గదిలోనే ఉంది, బైబిల్ చదువుకుంటోంది. అమ్మతో ఇంకా మాట్లాడలేదు నేను.