ఇంజిన్ ఆయిల్ పరీక్షకు ఏ ల్యాబైనా ఒకటేనా?

లారీలు, టిప్పర్లు, ఎక్స్‌కవేటర్లు ఉన్న యజమానుల మధ్య ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: "వాడిన ఇంజిన్ ఆయిల్ పరీక్షకు అన్ని ల్యాబుల్లోనూ ఒకటే మెషీన్. ఎవరు తక్కువకు చేస్తే వారికే ఇవ్వండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) ముద్ర రేటు పెంచుకోవడానికే. ఐరన్ 100 దాటితే ఇంజిన్ విప్పాల్సిందే. ఆయిల్ నల్లబడితే పరీక్షే అక్కర్లేదు, మార్చేయండి." తక్కువ ఖర్చులో పని కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. మిగతా మాటలే నిలవవు.

"ఒకటే మెషీన్." కాదు. ఇంజిన్ భాగాలు అరిగి ఆయిల్‌లో చేరే ఐరన్ వంటి లోహాలను కొలవడానికి ఎక్కువగా వాడే పద్ధతులు రెండు. ఐసీపీలో ఆయిల్‌ను కిరోసిన్ వంటి ద్రావకంతో పలుచన చేసి ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. ఆర్‌డీఈలో తిరిగే కార్బన్ చక్రం ఆయిల్‌ను పైకి తెస్తుంది, విద్యుత్ మెరుపు దాన్ని మండిస్తుంది. ఐసీపీకి కొద్ది మైక్రాన్ల లోపు రేణువులే అందుతాయి. ఆర్‌డీఈకి వాటికంటే కాస్త పెద్దవీ అందుతాయి. ఒకే సీసాలోని ఆయిల్‌కు రెండు చోట్లా ఒకే ఐరన్ అంకె రావాలని లేదు.

టీబీఎన్ సంగతి మరీ తికమక. ఆమ్లాలను ఎదుర్కొనే శక్తి ఆయిల్‌లో ఎంత మిగిలిందో చెప్పే అంకె అది. ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి2896 పద్ధతిలో పెర్‌క్లోరిక్ ఆమ్లం వాడతారు, డి4739లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వాడిన ఆయిల్‌కు రెండోది సాధారణంగా తక్కువ చూపిస్తుంది. కొత్త ఆయిల్‌కు కంపెనీలు ప్రకటించే అంకె మాత్రం ఎక్కువగా డి2896 లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఇంకా పనికొచ్చే ఆయిల్‌ను పారబోసేవాళ్లున్నారు. రేటు అడిగే ముందు పద్ధతి పేరు అడగాలి.

"తక్కువ రేటు ఎవరిదైతే వారికే." దేనికి తక్కువ? చవక ప్యాకేజీల్లో తరచు ఉండేవి లోహాలు, చిక్కదనం, నీటి జాడ. ఆయిల్‌లో ఎంత డీజిల్ కలిసిందో విడిగా కొలవకుండా, ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరి అంటుకునే వేడి) నుంచో చిక్కదనం నుంచో అంచనా కట్టి రాసేవారున్నారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీలకు ఇది చిన్న విషయం కాదు. పొగగొట్టంలోని మసి ఫిల్టరును వేడి చేసి శుభ్రపరచుకోవడానికి కొన్ని ఇంజిన్లు సిలిండర్లోకే అదనంగా డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగుతుంది. డీజిల్ ఆయిల్ చిక్కదనాన్ని తగ్గిస్తుంది, మసి ఆ చిక్కదనాన్ని పెంచుతుంది. రెండూ కలిసి ఉంటే 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర ఉండాల్సిన 12.5–16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) మధ్యే బుద్ధిగా కూర్చుంటుంది, రిపోర్టు "నార్మల్" అంటుంది. ఇలాంటి బండికి గ్యాస్ క్రోమటోగ్రఫీతో డీజిల్‌ను, ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ కాంతి పరీక్షతో మసిని కొలిచే ల్యాబు కాస్త ఎక్కువ అడిగినా నిజానికి చవకే. పాత బండికి, మామూలు తనిఖీకి చిన్న ప్యాకేజీ చాలు. అందరూ అన్నీ చేయించుకోవాలనడం కూడా వ్యాపారమే.

"ఎన్‌ఏబీఎల్ ముద్ర రేటుకే." ఇందులో పావు వంతు నిజముంది. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదు, ఒక్కో పరీక్షకు విడిగా ఇస్తారు. నీళ్లు, ఆహార పదార్థాల పరీక్షలకు గుర్తింపు ఉన్న ల్యాబు ఆయిల్ పరీక్ష కూడా చేస్తుంటే, దానికి ఆ గుర్తింపు వర్తించకపోవచ్చు. ఏయే పరీక్షలకు ఉందో చెప్పే స్కోప్ జాబితా ఎన్‌ఏబీఎల్ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మీకు కావలసిన పరీక్ష అందులో లేకపోతే ఆ ముద్రకు అదనంగా చెల్లించకండి.

"ఐరన్ 100 దాటితే విప్పాల్సిందే." ఎన్ని కిలోమీటర్లకు? పదివేలకు 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) రావడం వేరు, నలభై వేలకు రావడం వేరు. పక్కనున్న అంకెలూ చూడాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో తిరిగే టిప్పరుకు ఐరన్‌తో పాటు సిలికాన్, అల్యూమినియం కూడా పెరిగితే ముందు ఎయిర్ ఫిల్టరు, దాని గొట్టాల బిగింపులు చూడండి. దుమ్ము లోపలికి పోతోంది. సిలికాన్ ఒక్కటే పెరిగితే ఇటీవల వేసిన గాస్కెట్ సీలెంటు కావచ్చు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంటు లీకును అనుమానించాలి. ఐరన్ తక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింతా లేదు: బేరింగు పెచ్చులూడితే రాలే పెద్ద ముక్కలు ఐసీపీకి కనిపించవు. వాటికి పీక్యూ ఇండెక్స్ వంటి అయస్కాంత పరీక్ష కావాలి.

ఒక్క రిపోర్టు కంటే వరుస రిపోర్టులకే విలువ. వంద రూపాయలు కలిసొస్తాయని ప్రతిసారీ ల్యాబు మారిస్తే, ఏటా రాళ్లు మార్చి తూచిన ధాన్యం లెక్కే అవుతుంది. కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒకసారి అదే ల్యాబుకు పంపండి. ఆయిల్‌లో కలిపే రక్షక రసాయనాల్లోని కాల్షియం, జింక్, ఫాస్ఫరస్ మొదట ఎంత ఉన్నాయో తెలియకుండా ఎంత తగ్గాయో ఎవరు చెప్పగలరు?

నల్లబడటం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కొన్ని గంటల్లోనే నల్లబడుతుంది. మసిని పేరుకోనివ్వకుండా తనలో తేలుస్తూ ఉంచడం దాని పని.

శాంపిల్ తీయడం గురించి ఆ సందేశంలో ఒక్క మాటా లేదు, చాలా రిపోర్టులు చెడేది అక్కడే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు విప్పి, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబు ఇచ్చిన శుభ్రమైన సీసాలో పట్టాలి. కూల్‌డ్రింక్ సీసా కడిగి వాడితే నీటి జాడ ఇంజిన్‌దో సీసాదో తేలదు. ఆయిల్ మార్చాక తిరిగిన కిలోమీటర్లు, మధ్యలో పోసిన లీటర్లు సీసా మీద రాయండి. ఆ రెండు వివరాలూ అడగకుండానే శాంపిల్ తీసుకునే ల్యాబు ఎంత చవకైనా వదిలేయండి.