మేనమామ గదిలో పదేళ్ళ పిల్ల

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో సాహిత్య గోష్ఠి ఎలా ముగిసిందో ఆ రోజు హాలులో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. ముగ్గుల పోటీకీ భోజనాలకీ మధ్య దొరికిన కాస్త సమయంలో, ఈ ఏడు జి.సి.ఎస్.ఇ. పరీక్షలు (ఇంగ్లండు బడుల్లో పదహారేళ్ళ వయసులో రాసేవి) రాయబోతున్న మన అమ్మాయి ఒకతె తన పాఠ్యపుస్తకమైన, షార్లట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఎయిర్’ నవల తొలి నాలుగు అధ్యాయాల గురించి తెలుగులో ప్రసంగించింది. ఇక్కడే పుట్టి, మన వారాంతపు బడిలో అక్షరాలు దిద్దుకున్న పిల్ల కాగితం చూడకుండా అంత నిండుగా మాట్లాడుతుంటే నాకు అదే పెద్ద పండగ అనిపించింది. పదేళ్ళ జేన్ తనను పెంచుతున్న మిసెస్ రీడ్ ఎదుట నిలబడి, బతికినంతకాలం మిమ్మల్ని అత్తా అని పిలవనని చెప్పే చోటికి ఆమె చేరుకోగానే, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు లేచారు. “తిండి పెట్టి పెంచినవాళ్ళను ఎదిరించమని నేర్పే కథ మన పిల్లలకెందుకమ్మా? నాలుగు సుమతీ శతక పద్యాలు చెప్పి ఉంటే అందరం సంతోషించేవాళ్ళం” అన్నారు. హాలు చప్పట్లు కొట్టింది. వ్యాఖ్యాత తర్వాతి అంశం ప్రకటించారు, అమ్మాయి వేదిక దిగి వెళ్ళిపోయింది. ఆయన ప్రశ్న కంటే ఆ చప్పట్లే నా మనసును ఎక్కువ నొప్పించాయి.

ఆయన ఆందోళన నాకు అర్థం కాకపోలేదు. సంఘానికి ఏడాదిలో దొరికే తెలుగు వేదికలు ఉగాది, సంక్రాంతి, దీపావళి మాత్రమే. అందులోనూ సినిమా పాటలకూ లక్కీ డ్రాకూ పోగా సాహిత్యానికి మిగిలేది చాలా తక్కువ. ఆ మిగిలిన కాస్తనూ బడిలో ఎలాగూ చెప్పే ఇంగ్లీషు నవలకు ఇవ్వాలా అన్నది న్యాయమైన ప్రశ్నే, సర్వసభ్య సమావేశంలో పద్యానికి చోటు కావాలని పట్టుబట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కానీ ఆ పూట ఆ వేదిక మీద తెలుగు బతికింది ఆ పిల్ల నోటనే. పైగా ఆమె చెబుతున్న అధ్యాయాల్లో ఉన్నది, మన ఇళ్ళలో తరతరాలుగా నడుస్తూ వచ్చిన, మనం బయటికి చెప్పుకోని కథ.

రెండో అధ్యాయంలో ఉన్న ఒక వాక్యాన్ని మనవాళ్ళు తొందరపాటులో దాటేస్తారని నా అనుమానం. మిస్టర్ రీడ్ జేన్ తల్లికి తోడబుట్టినవాడు, అంటే జేన్‌కు స్వయానా మేనమామ. తల్లీతండ్రీ లేని పసిగుడ్డును తన ఇంటికి తెచ్చుకున్నాడు, చనిపోతూ భార్య చేత ఆ పిల్లను కన్నబిడ్డల్లో ఒకరిగా పెంచుతానని మాట తీసుకున్నాడు. మేనమామ ఇల్లంటే ఆడపిల్లకు ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు, పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది ఆయనే. అలాంటి ఇంట్లో, ఆయన పోయిన తర్వాత, ఆ పిల్ల ఎవరికీ ఏమీ కానిదైపోయింది. ఒక చలి నవంబరు రోజున కిటికీ అరుగు మీద ఎర్ర తెర చాటున కూర్చుని, బ్యూయిక్ రచించిన బ్రిటిష్ పక్షుల పుస్తకంలో మంచు సముద్రాల బొమ్మలు చూసుకుంటున్న ఆమెను ఆ ఇంటి కొడుకు, పద్నాలుగేళ్ళ జాన్ రీడ్ బయటికి లాగుతాడు. నువ్వు మా మీద పడి బతుకుతున్నదానివి, నీకు డబ్బు లేదు, మా పుస్తకాలు ముట్టుకునే హక్కు నీకు లేదు అని, అదే పుస్తకాన్ని ఆమె మీదికి విసిరికొడతాడు. పడిపోయి తల పగిలిన పిల్ల తిరగబడితే శిక్ష పడింది ఆమెకే. మేనమామ కన్నుమూసిన ఎర్ర గదిలో ఆమెను పెట్టి తాళం వేశారు.

ఆ గదిలో ఆమె అనుకునేది చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. మామయ్య బతికి ఉంటే తనను దయగా చూసేవాడని ఆమెకు అనుమానం లేదు. చివరి కోరిక తీరని మృతులు తిరిగి వస్తారని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, తన ఏడుపు విని ఆయన ఓదార్చడానికి వస్తాడేమోనని భయపడి కన్నీళ్ళు తుడుచుకుంటుంది. తనను ప్రేమించగలిగిన ఒకే ఒక్క మనిషి వస్తాడేమో అన్నదే పసిపిల్లకు అంతటి భయమైంది. 1847 అక్టోబరులో కరర్ బెల్ అనే మారుపేరుతో ఈ నవల వెలువడినప్పుడు లండన్ పాఠకులు ఈ ఘట్టాన్ని ఎలా చదివారో గానీ, తెలుగు ఇంట్లో పెరిగిన మనిషి దీన్ని చదివితే కలిగే వేదన వేరు.

ఎందుకంటే నేను మేనమామ ఇంట్లో పెరిగాను. మా ఊళ్ళో ఉన్నత పాఠశాల లేకపోవడంతో నన్ను రాజమండ్రిలో మా మామయ్య దగ్గర ఉంచి చదివించారు. నాకు తల్లిదండ్రులు ఉన్నారు, జేన్ కష్టం నాకు లేదు. అయినా ఒకరి పంచన ఉన్న పిల్లకు ఏమేం తెలుస్తాయో నాకు తెలుసు. పెరుగు గిన్నె మీది మీగడ ఎవరి కంచంలోకి వెళ్తుందో, కాగులోని వేన్నీళ్ళు ఎవరి స్నానం దాకా సరిపోతాయో, అద్దాల బీరువాలోని పుస్తకం కావలసి వస్తే తాళంచెవి ఎవరిని, ఏ వేళప్పుడు, ఏ గొంతుతో అడగాలో, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. సాయంత్రం మామయ్య చెప్పులు విడిచి లోపలికి వస్తూనే “తిన్నావా తల్లీ” అని అడిగే ఒక్క మాట కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని. మన ఇళ్ళలోని ఆ తేడాలను నేను వెనకేసుకురావడం లేదు, అవి ఉండకూడదు. కానీ నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మేలుకుని తడిగుడ్డ మార్చింది మా అత్తయ్యే. ఆదివారం పూట తన పిల్లలతోపాటు నన్నూ పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టి, కుంకుడుకాయ రసం కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టిందీ ఆవిడే. పండక్కి ఒకే తానులో గుడ్డ తీసి అందరికీ కుట్టించేవారు. తక్కువ జీతంతో, ఇంటినిండా వచ్చేపోయే చుట్టాలతో, మొగుడి తరఫు పిల్లను కూడా సాకిన ఆవిడ చేతిని తలుచుకుంటే, మీగడ సంగతి ఎత్తినందుకు ఇప్పుడు నాకే బాధగా ఉంది.

‘జేన్ ఎయిర్’ కుదించిన ప్రతిని ఇంటర్మీడియట్‌లో నాన్‌డిటెయిల్డ్ పుస్తకంగా ఆ ఇంట్లోనే చదివాను. గైడులో మొదటి నాలుగు అధ్యాయాలకు కలిపి నాలుగు వాక్యాలుండేవి: జేన్ అనాథ, అత్త క్రూరురాలు, జాన్ దుర్మార్గుడు, జేన్‌ను బడికి పంపేశారు. మనలో చాలామంది ఈ నవలను అలాగే చదివాం, ఆ పెద్దాయన చదివిందీ బహుశా అలాంటి ప్రతే. అసలు పుస్తకం అలా ఉండదు. దాన్ని చెబుతున్నది పదేళ్ళ పిల్ల కాదు, ఆ పిల్ల పెద్దదై, లోకం చూసి, వెనక్కి తిరిగి చెబుతున్న కథ అది. ఎర్ర గదిలో పిల్ల అన్యాయం, అన్యాయం అని కుమిలిపోతున్నప్పుడే, పెద్ద జేన్ మధ్యలోకి వచ్చి అత్త వైపునుంచి కూడా చూస్తుంది. తన రక్తం కాని, తన స్వభావానికి ఏ మాత్రం పొసగని బిడ్డను, భర్తకు ఇచ్చిన మాట కోసం జీవితాంతం భరించడం ఆమెకు మాత్రం ఎంత కష్టమో ఒప్పుకుంటుంది. ఆమె పెట్టిన బాధ తక్కువది కాదంటూనే, తాను చేస్తున్నదేమిటో ఆమెకు తెలియదు కనుక క్షమించాలని మూడో అధ్యాయంలో చెబుతుంది. నాలుగో అధ్యాయంలో బ్రాకిల్‌హర్స్ట్ అనే బడి నిర్వాహకుడి ఎదుట అత్త తనను అబద్ధాలకోరని ముద్ర వేసిన తర్వాతే జేన్ నోరు విప్పుతుంది. ఆ పిల్ల తిరగబడింది అన్నం పెట్టిన చేతి మీద కాదు, తన మీద పడ్డ అబద్ధపు నింద మీద. ఆ గెలుపు కూడా నిలవలేదు. మొదట మధువులా వెచ్చగా ఉన్న ఆ కసి కాసేపటికి విషం మింగినట్టు నోరంతా చేదు చేసిందని, వెళ్ళి క్షమాపణ అడగాలనిపించిందని, అడిగితే రెట్టింపు తిరస్కారమే దొరుకుతుందని తెలిసి ఆగిపోయానని ఆమే చెబుతుంది. చాలా తర్వాత, ఇరవై ఒకటో అధ్యాయంలో, అత్త మంచం పట్టిందని తెలిసి అదే ఇంటికి వెళ్ళి, ఒట్టు పెట్టుకున్న పిలుపుతోనే ఆమెను పిలుస్తుంది, ఆ ఒట్టు తప్పడం పాపం కాదంటుంది. అపకారికి ఉపకారం చేయమన్న సుమతీ పద్యం ఆ పెద్దాయనకు నాకంటే బాగా వచ్చు. ఆ పద్యంలోని మనిషిని వేదిక మీద పరిచయం చేస్తున్న పిల్లను మనం సగంలో ఆపేశాం.

మన తల్లిదండ్రులకు ఇంకొక మాట చెప్పాలి. ఎ.క్యు.ఎ. బోర్డు పరీక్షలో పంతొమ్మిదో శతాబ్దపు నవల నుంచి ఒక భాగాన్ని అచ్చువేసి ఇచ్చి, దాని గురించీ, దానితో కలిపి నవల మొత్తం గురించీ రాయమంటారు, పుస్తకం లోపలికి తీసుకువెళ్ళనివ్వరు. అందుచేత పిల్లలు రివిజన్ గైడు కొని ఎర్ర రంగు దేనికి సంకేతం, కిటికీ దేనికి సంకేతం అని బట్టీ పడుతున్నారు, మనమూ మార్కుల కోసం అదే ప్రోత్సహిస్తున్నాం. నేను చిన్నప్పుడు చదివిన గైడుకూ దీనికీ కాగితం నాణ్యతలోనే తేడా. పిల్లకు అన్నం సహించనప్పుడు పనిమనిషి బెస్సీ తెచ్చిన మిఠాయిని, స్వర్గపక్షి బొమ్మ ఉన్న పళ్ళెంలో పెట్టి ఇచ్చినా, ఇంతకాలం ఆ పళ్ళెం ముట్టుకోవాలని ఎంత కోరుకున్నా, ఇప్పుడు తినలేకపోయింది ఎందుకు? పేద చుట్టాలుంటే వాళ్ళ దగ్గరికి వెళ్తావా అని మందులిచ్చే లాయిడ్ అడిగితే, ఇంత హింసలోనూ జేన్ వద్దంటుంది ఎందుకు? ఈ ప్రశ్నలకు మన ఇళ్ళలోని అమ్మమ్మలు చెప్పగలిగే జవాబు ఏ గైడులోనూ దొరకదు.

ఇంగ్లీషు నవల తెలుగు వేదిక మీద ఎందుకన్నవారికి వీరేశలింగం గారిని గుర్తుచేయాలి. నాలుగేళ్ళకే తండ్రిని పోగొట్టుకుని పెదతండ్రి నీడలో పెరిగిన ఆయన, మా రాజమండ్రిలోనే కూర్చుని గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ చదివి, ఆ స్ఫూర్తితో 1878లో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టారు. జాన్ రీడ్‌ను రోమన్ చక్రవర్తులతో పోల్చడానికి జేన్‌కు మాటలు అందించింది కూడా అదే గోల్డ్‌స్మిత్ రాసిన రోము చరిత్ర. తెలుగు నవల పుట్టుకలోనే ఈ చదువు ఉంది, అందువల్ల మన భాషకు తరిగిపోయిందేమీ లేదు.

కార్యవర్గానికి నా మనవి ఇది. వచ్చే నవంబరు నుంచి నెలకొక ఆదివారం, వారాంతపు బడి ముగిశాక అదే గదిలో, ఈ నాలుగు అధ్యాయాలనూ నెలకొకటి చొప్పున చదువుదాం. పిల్లలు ఇంగ్లీషులో బిగ్గరగా చదవాలి, మాట్లాడుకోవడం మాత్రం తెలుగులోనే జరగాలి. తల్లిదండ్రులు బయట కారులో కూర్చోకుండా లోపలికి రావాలి. మన ఊళ్ళ నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చి నాలుగ్గోడల మధ్య పొద్దుపుచ్చుతున్న పెద్దవాళ్ళను తప్పకుండా తీసుకురావాలి. మొదటి ఆదివారానికి ఆ పెద్దాయనే అధ్యక్షత వహించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. మొదలూ చివరా సుమతీ పద్యం చదివిద్దాం, నాకు అందులో ఏ అభ్యంతరమూ లేదు.

ఆ తర్వాత అందరం కలిసి హావర్త్ వెళ్ళి రావచ్చు, బ్రాడ్‌ఫర్డ్ నుంచి అదెంతో దూరం కాదు. అక్కడ షార్లట్ బ్రాంటీ పెరిగిన ఇంటిని మ్యూజియంగా చేశారు. 1821లో తల్లి పోయిన ఆ పిల్లల్ని పెంచింది వాళ్ళ పెద్దమ్మ ఎలిజబెత్ బ్రాన్‌వెల్, ఎక్కడో కార్న్‌వాల్ తీరంలోని సొంత ఊరు వదులుకుని వచ్చి, చనిపోయేదాకా ఆ చలిలోనే ఉండిపోయింది. ఆమె రాసిచ్చిపోయిన సొమ్ముతోనే ఆ అక్కచెల్లెళ్ళు 1846లో తమ మొదటి కవితల పుస్తకం అచ్చువేయించుకున్నారు. మిసెస్ రీడ్‌ను సృష్టించిన రచయిత్రి ఇంట్లో అలాంటి పెద్దమ్మ ఉండేదన్న సంగతి మన పిల్లలకు ఆ ఇంట్లోనే నిలబడి చెప్పాలని నా కోరిక. ఈ లోగా ఎవరైనా ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ రోజు చెప్పలేకపోయిన మిగతా ప్రసంగాన్ని ఉగాది సంచికకు రాసి పంపమని అడగండి.