మహారాజశ్రీ సెడాన్ డిక్కీ గారికి

మహారాజశ్రీ డిక్కీ గారి సముఖానికి, హైదరాబాద్ నగరంలో పది లక్షల లోపు సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా పొడుచుకొచ్చిన కారు, కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు కలిసి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. ఈఎంఐ కూడా క్షేమమే, నెలనెలా తప్పకుండా వచ్చి పలకరించి పోతోంది.

షోరూంలో సేల్స్ కుర్రాడు ఇంజిన్ చూపించడం ఎప్పుడో మానేశాడు. బండి చుట్టూ తిప్పి తీసుకొచ్చి, నేరుగా మిమ్మల్నే తెరుస్తాడు. "ఫ్యామిలీ బండంటే ఇదీ సార్" అంటాడు. ఆ ఖాళీ చోటు చూడగానే ఆవిడకి పండక్కి ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తాలు కనిపిస్తాయి, పెద్దాయనకి తిరుపతి కనిపిస్తుంది. అదే ఇంజిన్, ఇంచుమించు అవే సీట్లు ఉండి, విడి డిక్కీ లేని హ్యాచ్‌బ్యాక్‌ని పక్కనపెట్టి, మధ్యలో ఉన్న తేడా డబ్బంతా మీ ఒక్కరి మొహం చూసి కట్టేస్తారు.

మీ వంశచరిత్ర కాస్త తిరగేశాం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. ఆ రోజు నుంచే మీ వంశానికి శని పట్టింది. 2008లో వచ్చిన మొదటి మారుతి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని 3,995కి కుదించారు, డిక్కీ 316కి పడిపోయింది. 2017లో 378, 2024లో 382. అంటే పోయిన ఆస్తిలో సగం రాబట్టుకోవడానికి మీకు పన్నెండేళ్లు పట్టింది. సివిల్ కోర్టుతో పోలిస్తే ఇది వేగమేనని ఒప్పుకుంటాం.

ఆ అయిదు మిల్లీమీటర్ల జాగ్రత్త ఇప్పుడు మరీ ఖరీదైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లు, 1,200 సీసీ దాటని పెట్రోలు కారుకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అందుకే మీ తోక ఎవరో చెయ్యి పట్టుకుని ఆపేసినట్టు ఠక్కున ఆగిపోతుంది. దాని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్ 14 శాతం. ఎనిమిది లక్షల బండికి లక్షా పన్నెండు వేలు. ఇన్సూరెన్సు, హ్యాండ్లింగ్ చార్జీల సంగతి వేరే ఉత్తరంలో రాస్తాం, ఇందులో పట్టదు.

మీ లీటర్ల లెక్క ఒకటుంది, దానికి మాత్రం దండం పెట్టాలి. హ్యుందాయ్ ఆరాలో 402, హోండా అమేజ్‌లో 416, టాటా టిగోర్‌లో 419. పాలు పోసి కొలిచారా అంటే కాదు. వీడీఏ అనే పద్ధతిలో 200, 100, 50 మిల్లీమీటర్ల కొలతలున్న దిమ్మలు పేరుస్తారు. ఒక్కో దిమ్మ ఒక లీటరు. చక్రం గుబ్బ పక్కన ఉండే సందులో కూడా రెండు దిమ్మలు దూర్చి లెక్కలో కలుపుకోవచ్చు. శంషాబాద్‌లో దిగే మరదలి సూట్‌కేసు దిమ్మలుగా విడిపోదు కదా. మీ లోపల ఎంత చోటున్నా, నోరు మాత్రం సన్నం. పెద్ద పెట్టెని నిలువుగా దించబోతే మూత పడదు, పడుకోబెడితే రెండో పెట్టె పట్టదు.

మీ మూతకి అటొకటి ఇటొకటి వంపు తిరిగిన ఇనుప కడ్డీలు ఉంటాయి. మూత తెరిచినప్పుడు అవి అమాయకంగా పైన ఉంటాయి. మూసినప్పుడు లోపలికి దిగి, కింద ఏముంటే దాని నెత్తిన కూర్చుంటాయి. షోరూంలో డిక్కీ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరి కంటా పడదు. కొనేవాళ్లకి మేం చెప్పేది ఒకటే: టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు, ఒక క్యాబిన్ బ్యాగు వెంట తీసుకెళ్లండి. సర్ది, మూత వేసి, క్లిక్‌మన్నాకే మిగతా మాటలు. సేల్స్ వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. వెనక సీటు ముందుకి మడతపడుతుందేమో కూడా అక్కడే లాగి చూడాలి. ఈ తరగతిలో చాలావాటికి మడతపడదు.

ఇక సీఎన్‌జీ వేరియంట్‌లో మీరు డిక్కీ కాదు, అద్దెకిచ్చిన గది. సీటు వెనక ఒకే పెద్ద సిలిండరు అడ్డంగా పడుకుంటే మిగిలేది రెండు చేతిసంచులకి చాలే చోటు. రెండు చిన్న సిలిండర్లని నేల కింద పరిచే ఏర్పాటు వచ్చాక టిగోర్‌లాంటి బండ్లలో కొంత నయం. లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటిన ఊళ్లో రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఈ బేరం గిట్టుబాటే. పదిహేను తిరిగేవాళ్లు మాత్రం డిక్కీ పోగొట్టుకుని, బంకు దగ్గర క్యూ కొనుక్కున్నట్టు. సిలిండరుకి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలి, తేదీ దాని ప్లేటు మీదే ఉంటుంది.

అసలు తగవు స్పీడ్ బ్రేకర్ దగ్గర. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. అలాంటిది మీకేమీ అడ్డం కాదు. 163 నుంచి 172 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సుకి, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఉండే ఎత్తుకి, అది సరిపోతుంది. కాలనీలో అసోసియేషన్ వాళ్లు మిగిలిపోయిన కాంక్రీటుతో ఒక ఆదివారం పోసినదానికి ఏ కాంగ్రెస్ లెక్కా తెలియదు. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ముందు చక్రాలు అవతలికి దిగుతాయి, వెనకవి ఇవతల ఎక్కకముందే బండి నడుము దాని మీద వాలుతుంది. అప్పుడు వచ్చే ఆ గర్ర్‌మనే చప్పుడు విని ముందు సీట్లో ఆయన కళ్లు మూసుకుంటాడు, వెనక ఆవిడ "ఎస్‌యూవీ తీసుకుందామన్నాను" అంటుంది.

ఇందులో మీ వాటా చిన్నది కాదు. మీరు ఉండేది వెనక ఇరుసుకి వెనక. అక్కడ పెట్టిన నూరు కిలోలు వెనక స్ప్రింగుల మీద నూరు కంటే ఎక్కువగా పనిచేస్తాయి, ముందు భాగాన్ని ఆ మేరకు పైకి లేపుతాయి. అందుకే బస్తాల్లాంటి బరువైనవి సీటుకి ఆనించి, అడుగున పెట్టాలి. తేలికవి మూత వైపు. దూకుడుగా వచ్చి దిబ్బ మీద బ్రేకు తొక్కితే ముక్కు వంగి ముందు బంపరు గీసుకుంటుంది. ముందే వేగం తగ్గించి, చక్రం ఎక్కే క్షణానికి బ్రేకు వదిలి, ఫస్ట్ గేరులో కాస్త ఏటవాలుగా ఎక్కించాలి. సెల్లార్ ర్యాంపు అంచు దగ్గరా ఇదే మంత్రం. నలుగురితో, నిండు డిక్కీతో ఉంటే వెనకవాళ్లని దింపడమే మేలు. మావయ్యగారు దిగడానికి మొహమాటపడితే సైలెన్సరు మొహమాటపడదు.

సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కే ముందు రెండు పనులు. డ్రైవర్ తలుపు స్తంభం మీద ఉన్న స్టిక్కరులో పూర్తి బరువుకి వేరే ప్రెషర్ రాసి ఉంటే వెనక టైర్లకి అది కొట్టించాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. రెండోది, స్టీరింగు పక్కన హెడ్‌లైట్లని కిందికి వంచే, సున్నా నుంచి మొదలయ్యే చిన్న చక్రం ఉంటే దాన్ని పై అంకెకి తిప్పాలి. మీ బరువుకి ముక్కు లేచి, హెడ్‌లైట్లు చెట్ల మీది పిట్టల్ని వెతుకుతుంటాయి. పంతంగి టోల్‌గేటు దాకా ఎదురొచ్చే ప్రతివాడూ డిమ్-డిప్ కొడుతుంటే మనవాడు "వీళ్లకి బుద్ధి లేదు" అని తిట్టుకుంటూ పోతాడు.

తెల్ల రంగు వద్దని ముందే చెబుతున్నాం. నంబరు ప్లేటు పసుపా తెలుపా అని ఎయిర్‌పోర్టులో ఎవరూ చూడరు. బండి ఆగీ ఆగకముందే వెనక నుంచి డిక్కీ మీద దబదబా కొట్టి, "అన్నా, క్యాబేనా? జర ఓపెన్ చెయ్" అంటారు.

వానాకాలం గురించి ఒక్క మాట. మీ మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండకి గట్టిపడితే నీళ్లు లోపలికి జారి, కార్పెట్ కింద స్టెపినీ గుంటలో చేరతాయి. పైకి ఏమీ తెలియదు, ముక్కిన వాసన తప్ప. నెలకోసారి కార్పెట్ ఎత్తి చూడాలి. గుంటలో రబ్బరు బిరడా ఉంటే పీకి నీళ్లు వదిలి, ఆరాక మళ్లీ బిగించాలి. జాకీ తుప్పు పట్టేది కూడా అక్కడే.

ఇట్లు,
మీ ఖాళీని వాయిదాల మీద కొనుక్కున్నవాళ్లు

తా.క.: స్టెపినీని మీ కడుపు అడుగున దాచుకున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పంక్చరైతే ముందు ఆవకాయ జాడీతో సహా సామానంతా రోడ్డు వారన దించాలి. అలాయ్ చక్రాలున్న వేరియంట్లలో అది చాలాసార్లు చిన్న సైజు ఇనుప చక్రమే. మీద 80 అని స్టిక్కరు ఉంటే అంతకు మించి తోలకూడదు. గాలి పట్టించేటప్పుడు నాలుగు టైర్లతో ఆగకుండా, సామాను లేని రోజు చూసుకుని అయిదోదానికీ కొట్టించమని మా మనవి.