గోల్కొండ రేవుకు కెమెరా దండు

నల్గొండకు సముద్రం లేదనేది చరిత్ర తెలియనివాళ్ల మాట. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నమే. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దుకాణం తెరిచింది సముద్రపు గాలి కోసం కాదు, సరుకు కోసం. కాబట్టి మన ఫోటోగ్రాఫర్ మిత్రులు శనివారం అర్ధరాత్రి క్లాక్ టవర్ దగ్గర కారెక్కి బందరు పోవడాన్ని షికారు అనడం అన్యాయం. ఆగిపోయిన వర్తకాన్ని వాళ్లు మళ్లీ నడిపిస్తున్నారు. అప్పుడు ఇటునుంచి బట్టలు, వజ్రాలు పోయేవి. ఇప్పుడు అటునుంచి మెమరీ కార్డుల నిండా వలలు, పడవలు వస్తున్నాయి.

అర్ధరాత్రే ఎందుకంటే, 200 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి పొద్దుపొడుపును అందుకోవాలి. పొద్దు మన డాబా మీద కూడా రోజూ పొడుస్తుంది కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కళ గురించి ఇంట్లోవాళ్లతో వాదించకూడదు.

మంగినపూడి తీరంలో అందరూ ట్రైపాడ్‌లు పాతుతారు. లెన్సుకు నల్లటి ఫిల్టరు బిగించి, షట్టర్‌ను అర నిమిషం తెరిచి ఉంచుతారు. ఆ అర నిమిషంలో అలలన్నీ చెరిగిపోయి నీళ్లు పాలలా పరుచుకుంటాయి. సముద్రాన్ని చూడటానికి రాత్రంతా నిద్ర మానుకుని వచ్చి, ముందు దానిలోని సముద్రాన్ని తీసేయడం ఆషామాషీ విద్య కాదు. ఇక అక్కడి నల్లమట్టి ఎడిటింగ్‌లో బంగారు ఇసుకగా మారుతుంది. పక్కనే చిలకలపూడి, రోల్డ్ గోల్డుకు పేరుమోసిన చోటు. కనుక ఈ పనికి స్థానిక సంప్రదాయం కూడా ఉంది.

తరువాత వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన కావాలి. ముఖం మీద ముడతలు తప్పనిసరి. "తాతా, ఇటు చూడకు, నీ పని నువ్వు చేసుకో, కానీ తల కొంచెం ఇటు తిప్పు" అంటారు. "ఏ ఊరు బాబూ మీది?" అని ఆయన అడిగేసరికి నవ్వొచ్చి, ముడతల లెక్క తప్పి, ఫోటో పాడవుతుంది. ఆయన పేరు ఎవరూ అడగరు. శీర్షిక 'జీవన పోరాటం' అని కారులోనే ఖాయమైంది.

పెడనలో కలంకారీ అద్దకం చూస్తారు. చెక్క అచ్చులతో, కరక్కాయతో, చెట్ల వేర్లు బెరళ్లతో వేసే రంగులు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెడతారు. ఈ రంగుల కోసమే ఒకప్పుడు పర్షియా నుంచి ఓడలొచ్చాయి. మనవాళ్లు బట్టను నాలుగు దిక్కుల నుంచి తీసి, పాతకాలపు లుక్ కోసం అన్నింటినీ బ్లాక్ అండ్ వైట్ చేస్తారు. ఆ బెల్లం, ఇనుముల నలుపు ఒక్కటే గట్టెక్కింది.

డచ్చి సమాధుల దగ్గర రాళ్ల మీద అంత ఓపికగా అక్షరాలు చెక్కి ఉంటే, చదివే పని ఎవరూ పెట్టుకోరు. "టెక్స్‌చర్ అదిరింది" అనుకుంటారు. ఆ మాట కింద పడుకున్నవాళ్లకు వినపడకపోవడం మేలే.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఈ ఊళ్లో, చుట్టుపక్కల దాదాపు 30,000 మంది పోయారు. రేవు వైభవం అప్పటికే తగ్గింది, ఆ దెబ్బతో ఊరు మళ్లీ తేరుకోవడమే కష్టమైంది. నిజానికి బందరును చూడటమంటే ఆ రాత్రిని కొంచెమైనా తలుచుకోవడమే. కానీ దాన్ని ఏ కోణం నుంచి తీస్తారు? లైకులు రాని చరిత్రను పక్కనపెట్టి దండు లడ్డూల దుకాణం వైపు కదులుతుంది. ఇందులో నేను వాళ్లను తప్పుపట్టను, బందరు లడ్డూ అటువంటిది.

తిరిగొచ్చాక ప్రదర్శన పెట్టారు. చూడటానికి వచ్చిన, నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు పెద్దమనిషి ఒకరు, అలలు లేని ఆ బంగాళాఖాతం ముందు చాలాసేపు నిలబడి, "మా ఉదయసముద్రం మంచిగ తీసిన్రు సార్, చెరువు నిండినప్పటిదా?" అన్నారు.

ఫోటోగ్రాఫర్లు అత్యవసరంగా సమావేశమయ్యారు. ఇకమీదట ఫోటో కింద 'ఇది సముద్రం' అని పెద్ద అక్షరాల్లో రాయాలని తీర్మానించారు.