47వ పేజీ నుంచి చూస్తే

ఈమధ్య మూడు పుస్తకాలు చదివాను. చదివాను అన్న మాటను కొంచెం ఉదారంగా తీసుకోవాలని మనవి. ఒకటి నవల, ఒకటి బొమ్మల కథ, ఒకటి కవిత్వం. మూడింటి మీదా నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నిజం చెప్పాలంటే వాటిలో రెండింటి మీద పుస్తకం చేతికి రాకముందే ఉన్నాయి. చదివాక అభిప్రాయం చెప్పడానికి ఎవరైనా సరిపోతారు. ముప్పై ఏళ్లుగా సాహిత్యాన్ని పట్టుకుని వేలాడుతున్న నాలాంటివాడు కూడా చదివే చెప్పాలంటే, ఇక ఈ అనుభవం అంతా ఎందుకు?

ముందు నవల. పేరు చెప్పను. చెబితే మీరు చదివేసి నన్ను ప్రశ్నలడుగుతారు. 640 పేజీలు. పడుకుని చదివితే గుండె మీద బరువు, కూర్చుని చదివితే మణికట్టు నొప్పి. మొదటి వాక్యంలోనే వాన మొదలవుతుంది. కథానాయకుడు కిటికీ దగ్గర నిలబడి దాన్ని చూస్తుంటాడు. 47వ పేజీకి వచ్చినా వాన తగ్గలేదు, ఆయన కిటికీ వదల్లేదు. అక్కడ నేనొక కరెంటు బిల్లు గుర్తుగా పెట్టి పుస్తకం మూశాను. మానేశానని కాదు, విరామం ఇచ్చాను. ఆ విరామానికి ఇప్పుడు ఎనిమిదో నెల. బిల్లు మాత్రం కట్టేశాను.

అలాగని అన్యాయంగా తీర్పు చెప్పే మనిషిని కాను. ఇంగ్లీషు నవలాకారుడు ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ చెప్పాడంటూ ఒక పరీక్ష ప్రచారంలో ఉంది: ఏ పుస్తకమైనా 99వ పేజీ తెరిచి చదివితే దాని సత్తా మొత్తం బయటపడుతుందట. తెరిచాను. ఆ పేజీలో నడిమధ్యన ‘రెండవ భాగం’ అని రెండే మాటలు ఉన్నాయి. మిగతాదంతా తెలుపు. ఇంత పొదుపుగా రాయగల రచయిత మిగతా 639 పేజీల్లో ఎందుకు అదుపు తప్పాడో నాకు అర్థం కాలేదు.

అప్పుడే ఒక పత్రికవారు అడిగితే సమీక్ష రాసిచ్చాను. ‘తోబుట్టువులు లేని మనిషి ఒంటరితనాన్ని పొరలు పొరలుగా ఆవిష్కరించిన నవల’ అన్నాను. 47 పేజీల్లో ఆయనకు అన్నాతమ్ముడూ అక్కాచెల్లీ ఎవరూ తగల్లేదు కాబట్టి ఇందులో నా కల్పన ఏమీ లేదు. ‘పొరలు’ అన్న మాటను మాత్రం కొత్తగా రాసేవాళ్లు గమనించాలి. పుస్తకం చదివినవాడు ‘మూడో అధ్యాయంలో తాత చనిపోయే చోట కాస్త విసుగొచ్చింది’ అంటాడు. చదవనివాడు ‘మృత్యుచింతన అంతర్లీనంగా ప్రవహిస్తుంది’ అంటాడు. సభలో మైకు ఎవరికిస్తారో నేను చెప్పాలా?

పూర్తిగా చదవడంలో ఇంకో ప్రమాదం ఉంది. స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1605లో డాన్ కిహోటే నవల మొదటి భాగం అచ్చేశాడు. అందులో కథానాయకుడి సేవకుడు సాంచో పాంజా గాడిదను ఎవరో ఎత్తుకుపోతారు. కాసేపటికే సాంచో మళ్లీ అదే గాడిదెక్కి తిరుగుతుంటాడు. అది ఎప్పుడు దొరికిందో, ఎలా దొరికిందో రచయిత చెప్పడం మర్చిపోయాడు. చదివినవాళ్లు ఊరుకుంటారా? పదేళ్ల తర్వాత, 1615లో, రెండో భాగం రాసేటప్పుడు పాపం ఆయన ఆ గొడవను కథలోకే తెచ్చి పాత్రల చేత సంజాయిషీ ఇప్పించాల్సి వచ్చింది. సాంచోనే నిలదీస్తే, కథ రాసినాయన పొరబడ్డాడేమో, లేకపోతే అచ్చువేసినవాడి అజాగ్రత్తేమో అని తేల్చేస్తాడు. అంత పెద్ద నవలలో గాడిద లెక్క చూసుకుంటూ కూర్చున్నవాళ్లు దాని అంతరార్థం ఎప్పుడు గ్రహిస్తారు? నాకు ఏ నవల్లోనూ ఒక్క గాడిద పోయినట్టు కూడా తెలియదు. అందుకే రచయితలందరూ నాతో స్నేహంగా ఉంటారు.

బొమ్మల కథల మీద నాకు మొదట్నుంచీ చిన్నచూపే. జెనీవాలో బడి నడిపిన రొడాల్ఫ్ టోప్ఫర్ 1830ల్లోనే బొమ్మలూ మాటలూ కలిపిన పుస్తకాలు అచ్చేశాడనీ, అంతకుముందే ఆ బొమ్మలు చూసి జర్మన్ మహాకవి గోథే అంతటివాడు మెచ్చుకున్నాడనీ నాకు తెలియక కాదు. గోథేకి వయసు మీద పడిందిలే అనుకున్నాను. కానీ పదకొండేళ్ల మా మేనకోడలు ‘మావయ్యా, ఇది ఒక్కటి చదువు, ప్లీజ్’ అని జపాన్ బొమ్మల కథొకటి ఇంగ్లీషులోది చేతిలో పెట్టింది. పిల్లల మాట కాదనలేక తీసుకున్నాను.

మొదటి పేజీ తిప్పగానే నివ్వెరపోయాను. బొమ్మ లేదు, కథ లేదు. ‘ఆగండి! మీరు తప్పు దారిలో వెళుతున్నారు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. పాఠకుణ్ణి గడప దగ్గరే నిలబెట్టి మందలించే తెగువ మన రచయితల్లో ఎంతమందికి ఉంది? వెంటనే నోట్సు రాసుకున్నాను: ‘ఆరంభమే ధిక్కారం.’ తర్వాతి పేజీలో కథానాయకుడు ఒక సమాధి ముందు మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆ తర్వాత పెద్ద యుద్ధం. విరిగిన కత్తి నాలుగు పేజీలు గడిచేసరికి నిక్షేపంగా ఉంది. ఇంకాస్త ముందుకెళితే సమాధిలో ఉన్న మిత్రుడు నవ్వుతూ వచ్చి ‘నీ పేరేంటి?’ అని అడుగుతాడు. చివరి పేజీలో ఒక పిల్లాడు బడికి లేటైందని పరుగెడుతుంటాడు.

మరణం నుంచి బాల్యానికి నడిచే కథ! సంభాషణలైతే మరీ లోతు. ఒకడు ‘అవును, నేనే చంపాను’ అంటాడు. పక్క గడిలో రెండోవాడు ‘మా అన్నను చంపిందెవరు?’ అంటాడు. జీవితంలోనూ అంతే కదా, జవాబులు ముందే వచ్చేస్తాయి, ప్రశ్నలు తీరిగ్గా తర్వాత వస్తాయి. ఈ విషయం మీద పదకొండు పేజీల వ్యాసం రాసి మేనకోడలికి చదివి వినిపించాను. అది మధ్యలో అడ్డు తగల్లేదు. మొత్తం విన్నాక పుస్తకం తీసుకుని, అట్ట కింద నుంచి పైకి వచ్చేలా తిప్పి నా ఒళ్లో పెట్టింది.

‘ఇది కుడి నుంచి ఎడమకి చదవాలి మావయ్యా. నువ్వు చివర్నుంచి చదివావు. ఫస్ట్ పేజీలోనే రాశారుగా, చూళ్లేదా?’

చూశాను, దాన్ని సాహిత్యం అనుకున్నాను. ఈ మాట దానితో అనలేదు. అదే ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒకప్పుడు ఇంగ్లీషులో అచ్చేసేవాళ్లు నాలాంటి వాళ్ల సౌకర్యం కోసం పేజీలను అద్దంలో బొమ్మల్లా తిప్పేసేవారట. దాంతో కుడిచేత్తో కత్తి తిప్పే వీరులంతా ఎడమచేతి వాటంగా మారిపోయేవారట. ఒక్క పాఠకుడు తల తిప్పడానికి బద్ధకిస్తే సైన్యం మొత్తం చెయ్యి మార్చుకుంది. పాఠకుడికి అంత మర్యాద జరిగిన రోజులు పోయాయి.

ఇంతా అయ్యాక కూడా బొమ్మల కథ నాకు ఒక సత్యం నేర్పింది. గడికీ గడికీ మధ్య సన్నటి తెల్ల ఖాళీ ఉంటుంది. ఇంగ్లీషులో గటర్ అంటారు. ఒక గడిలో ఎత్తిన గొడ్డలి, తర్వాతి గడిలో రాత్రి ఆకాశంలో ఒక కేక. మధ్యలో దెబ్బ వేసేది పాఠకుడే. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో ఈ సంగతిని బొమ్మల్లోనే విడమరచి చెప్పాడు. అంటే ఖాళీని నింపుకోవడమే పాఠకుడి ప్రతిభ. ఆ లెక్కన పై నవల్లో నేను 593 పేజీల ఖాళీని ఒంటిచేత్తో నింపాను.

గొడ్డలి అంటే గుర్తొచ్చింది. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం బొమ్మల కథలు పిల్లల్ని చెడగొడుతున్నాయని విచారణ పెట్టింది. ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ని పిలిచి, ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన ఆడమనిషి తల పట్టుకున్నవాడి అట్టబొమ్మ చూపించి, ఇది మంచి అభిరుచేనా అని అడిగారు. భయానక కథ అట్టకి మంచి అభిరుచే అన్నాడాయన. తలను ఇంకాస్త పైకెత్తి నెత్తురు కారుతున్నట్టు వేస్తే చెడ్డ అభిరుచి అయ్యేదట. సభ్యులకు ఇది నచ్చలేదు కానీ నాకు నచ్చింది. మంచికీ చెడుకీ మధ్య ఎన్ని అంగుళాలుంటాయో ఇంత కచ్చితంగా చెప్పిన విమర్శకుణ్ణి నేను చూడలేదు. ఆ ఏడే ప్రచురణకర్తలు భయపడి తమకు తాము ఒక నియమావళి రాసుకుని, రక్తపిశాచుల్నీ తోడేలు మనుషుల్నీ కట్టగట్టి బయటికి పంపేశారు. వాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇక కవిత్వం. మూడింటిలో నేను పూర్తిగా చదివింది ఇదొక్కటే. 96 పేజీలు, ఇరవై రెండు నిమిషాలు, అందులో ఒక ఫోన్ కాల్ కూడా ఉంది. కవిగారే ‘ఆత్మీయంగా’ అని రాసి ఇచ్చారు. వెనక అట్ట మీద ముగ్గురు ప్రముఖుల మెప్పుకోళ్లు, వాటి పొడవు చాలా కవితల కన్నా ఎక్కువ. ఇదేం కొత్త కాదు. అమెరికా కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితల పుస్తకం అచ్చేసుకుని, పేరు పెట్టకుండా తనే సమీక్షలు రాసుకున్నాడు. అప్పటి పేరున్న రచయిత ఎమర్సన్ మెచ్చుకుంటూ తనకు విడిగా రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యాన్ని, అడక్కుండానే, 1856 ముద్రణ వెన్ను మీద బంగారు అక్షరాలతో కొట్టించాడు. జనం నవ్వుతారు గానీ, సమీక్షకుడు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాడని మనం ధైర్యంగా చెప్పగలిగిన సమీక్షలు అవే.

వచన కవితను తేలిగ్గా తీసుకునేవాళ్లకి బుద్ధి చెబుదామని మొన్నొక సాహితీ సమావేశంలో నేనూ ఒకటి చదివాను.

వాడే ముందు
బాగా కుదపండి.

వెలుతురుకు దూరంగా
పిల్లలకు అందనంత ఎత్తులో
ఉంచండి.

తెరిచాక
నెల రోజులే.

గది నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఉన్న ఒక కవి కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘నెల రోజులే అన్నచోట ఆగిపోయానండీ. ప్రేమే కదా?’ అన్నారు. అవునన్నాను. అప్పటికి నాలుగు రోజులుగా దగ్గు. ఇంకొకాయన, పాదాన్ని ఎక్కడ విరవాలో మీకు ఎలా తెలుస్తుందని అడిగారు. సీసా వెడల్పును బట్టి అని చెప్పాను. ఆయన అది రాసుకున్నారు.

కవిగారి పుస్తకంలో 61వ పేజీలో ఒక చిన్న కవిత ఉంది. చనిపోయిన తండ్రి నంబరు ఫోన్‌లోంచి తీసేయలేక ఒక రాత్రి దానికే ఫోన్ చేస్తాడు. ఎవరో ఎత్తి, ఎవరు కావాలండీ అంటారు. అంతే, అక్కడితో ఆగిపోతుంది. మూడుసార్లు చదివాను. మర్నాడు పొద్దున ఇంకోసారి చదివాను. ఎంత ప్రయత్నించినా దాని మీద నాకు ఏ అభిప్రాయమూ కలగలేదు. పొరలు అనబోతే నోరు రాలేదు. ఇలా విమర్శకుడికి సహకరించని కవితల్ని సంపుటాల్లో చేర్చకూడదు. సమీక్షలో దాన్ని వదిలేశాను.

నిన్న మేనకోడలు మళ్లీ వచ్చింది. సెలవులు కదా, బల్ల మీదున్న నా నవల పోయిన వారం పట్టుకెళ్లి ఐదు రోజుల్లో పూర్తి చేసిందట.

‘నీ కరెంటు బిల్లు మళ్లీ 47లోనే పెట్టాను మావయ్యా. బాగుంది పుస్తకం. 48లో వాళ్ల తమ్ముడు తలుపు కొడతాడు చూడు, అక్కణ్నుంచి ఆపలేం.’

‘ఎవరి తమ్ముడు?’

‘కిటికీ దగ్గర నిలబడ్డాయన తమ్ముడు. కవలలు. పుస్తకమంతా వాళ్లిద్దరి గొడవేగా!’

పత్రిక అప్పటికే అచ్చయి వచ్చేసింది. సాయంత్రం సంపాదకుడిగారి ఫోన్. పాఠకుల నుంచి ఉత్తరాలొస్తున్నాయి, ‘తోబుట్టువులు లేని మనిషి’ అన్నారేమిటండీ అన్నారు. నేను తడుముకోలేదు.

‘నేను అలా రాయలేదండీ,’ అన్నాను, ‘అచ్చులో ఏదో పొరపాటు జరిగుంటుంది.’