గర్భసంచి తీసే ముందు ముఖద్వారం చూశారా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సర్జరీలో ఇటీవల రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. ఒకటి పొట్ట మీద గాటు గురించి, రెండోది లోపల ఎంత తీయాలన్న దాని గురించి. రెండింటినీ కలిపేసి ‘చిన్న ఆపరేషనే మేలు’ అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

2018లో వెలువడిన ల్యాక్ ట్రయల్‌లో 631 మంది తొలి దశ రోగులున్నారు. పొట్ట తెరిచి రాడికల్ హిస్టరెక్టమీ (గర్భసంచితో పాటు చుట్టుపక్కల కణజాలాన్నీ తీసే ఆపరేషన్) చేసినవారిలో నాలుగున్నరేళ్లకు 96.5 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్, రోబో పద్ధతుల్లో చేసినవారిలో అది 86 శాతమే. రెండు రోజులు ముందు ఇంటికి వెళ్లడం కోసం ఇంత మూల్యం చెల్లించనక్కర్లేదు. అనుమానం ముఖ్యంగా రెండింటి మీద ఉంది: గర్భసంచిని కదిపేందుకు యోని గుండా దూర్చే మానిప్యులేటర్ గడ్డను నలపడం, యోని పైభాగాన్ని పొట్ట లోపలే కోసినప్పుడు క్యాన్సర్ కణాలు అక్కడ రాలడం. గర్భసంచి లోపొరలో వచ్చే క్యాన్సర్‌కు ఈ హెచ్చరిక వర్తించదు. అక్కడ కీహోలే మేలు.

2024లో షేప్ ట్రయల్ మరో ప్రశ్న తేల్చింది. రాడికల్ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు దాని పక్కల ఉండే పారామెట్రియం కణజాలాన్నీ, యోని పైభాగాన్ని కొంతా తీస్తారు. మూత్రాశయానికి వెళ్లే నరాలు ఆ దారిలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే మూత్రం పూర్తిగా పోదు. గడ్డ 2 సెంటీమీటర్లు దాటని 700 మందిలో, మూడేళ్లకు కటి భాగంలో జబ్బు తిరగబెట్టింది రాడికల్‌లో 2.17 శాతం మందికి, పక్క కణజాలం జోలికి పోని సాధారణ హిస్టరెక్టమీలో 2.52 శాతం మందికి. నాలుగు వారాలు దాటాక కూడా మూత్రం నిలిచిపోయే బాధ 9.9 శాతం నుంచి 0.6కు తగ్గింది. నిజంగా గొప్ప ఊరట ఇది.

అయితే ఆ ‘సాధారణ’ ఆపరేషన్‌కు ముందు జరిగినవి సాధారణమైనవి కావు. కోన్ బయాప్సీలో (ముఖద్వారం నుంచి శంకువు ఆకారంలో ముక్క తీసి చేసే పరీక్ష) క్యాన్సర్ లోతు 10 మిల్లీమీటర్ల లోపు ఉందని, లేదా ఎంఆర్ఐలో ముఖద్వారం మందంలో సగం కూడా దాటలేదని చూశారు. ఆపరేషన్‌తో పాటు కటిలోని లింఫు గ్రంథులనూ పరీక్షించారు.

మన దగ్గర భయం ఇక్కడే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశ సగటు 3.2. తెల్లబట్ట, అధిక రక్తస్రావం అని చెప్పి తీయించుకున్నవారు వీరిలో ఎందరో. ముఖద్వార క్యాన్సర్ బయటపడేదీ ఆ లక్షణాలతోనే. యోనిని తెరిచి పట్టే స్పెక్యులమ్ వేసి చూడకుండా, ముఖద్వారం కణాలను పరీక్షించే పాప్ స్మియర్ లేకుండా తీసేస్తే, క్యాన్సర్ సంగతి తర్వాత రిపోర్టులో తెలుస్తుంది. అప్పటికి గడ్డ ఎంత ఉండేదో చెప్పేవారుండరు, గ్రంథులు ఎవరూ చూసి ఉండరు. రేడియేషన్ ఇద్దామంటే ఖాళీ అయిన చోటికి పేగులు జారి ఉంటాయి. లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ గొట్టం నిలపడానికి గర్భసంచే ఉండదు.

ముదిరిన దశలో కత్తి మీద ఆశ పెట్టుకోవడమూ తప్పే. ముంబై టాటా మెమోరియల్ 633 మందితో చేసిన ట్రయల్‌లో కీమో ఇచ్చి ఆపరేషన్ చేసినవారిలో ఐదేళ్లకు 69.3 శాతం మంది జబ్బు లేకుండా ఉంటే, కీమోతో పాటే రేడియేషన్ తీసుకున్నవారిలో 76.7 శాతం మంది ఉన్నారు.

కాబట్టి సంతకం పెట్టే ముందే ముఖద్వారం చూశారా, స్మియర్ తీశారా అని అడగండి. తీసిన గర్భసంచి ఏ కారణంతో తీసినా బయాప్సీకి పంపమనండి. రిపోర్టు కాగితంతో పాటు బయాప్సీ స్లైడ్లు, ఆ కణజాలాన్ని దాచిన మైనపు బ్లాకులు కూడా ఎక్కడున్నాయో తెలుసుకోండి. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే మొదట అడిగేవి అవే.